ఏలియా శాక్సోఫోన్‌లో నేను వెతికిన గాలి

ఈ పనిలోకి రావాలనుకునేవాళ్ళు ఖమ్మం మొత్తం జల్లెడ పట్టినా ఇద్దరో ముగ్గురో దొరుకుతారు. వాళ్ళలో ఒకడు ఈపాటికి మనసు మార్చుకుని ఉంటాడని నా అనుమానం. మిగిలినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. బ్యాండు మేళాల క్లారినెట్లు, శాక్సోఫోన్లు, బాకాలు బాగుచేసే పని నేను ముప్పై ఏళ్ళు చేశాను. బస్టాండు వెనక సందులో నా దుకాణం ఎంత విశాలమైనదంటే, పెద్ద శాక్సోఫోన్ ఒకటి లోపలికి రావాలంటే నేను బయటికి వెళ్ళాలి. డీజే పెట్టెలు వచ్చాక పెళ్ళిళ్ళలో మేళాలు తగ్గాయి, అదే సమయానికి నా చూపూ తగ్గింది. యాభై ఆరో ఏట షట్టరు దించి తాళం వేశాను. తాళం పడిందో లేదోనని మూడుసార్లు వెనక్కి వెళ్ళి చూసుకున్నాను. అది నా స్వభావం.

స్క్రూ ఎటు తిప్పాలో, తోలు ఎట్లా కోయాలో ఇక్కడ రాయను. అవి చేతులే నేర్చుకుంటాయి. నేను రాసేది అనుమానం గురించి. మా పనిలో సుత్తి కన్నా, స్క్రూడ్రైవర్ కన్నా ముందు కొనుక్కోవాల్సిన పనిముట్టు అదే. దానితో నేను చేసిన ఒక ఘోరం గురించి కూడా రాస్తాను.

ఉస్తాద్ ముక్కు

శాక్సోఫోన్ అంటే ఇరవైకి పైగా రంధ్రాలున్న ఇత్తడి గొట్టం. ఒక్కో రంధ్రం మీద ఒక మూత, మూత లోపల తోలు ప్యాడు. ప్యాడు సరిగ్గా కూర్చోకపోతే గాలి కారుతుంది, గాలి కారితే స్వరం చస్తుంది. ఎక్కడ కారుతున్నదో పట్టుకోవడమే మా ఉద్యోగం. వాయిద్యం తెచ్చినవాడు మాత్రం ఆ చోటు చచ్చినా చెప్పడు. "ఏం గాలే భాయ్, ఊకెనే పలుకుతలేదు" అంటాడు. ఆ "ఊకెనే" వెనక ఒక కొట్లాట ఉంటుంది, లేదా స్కూటర్ మీంచి పడిన పాట్లు ఉంటాయి, లేదా మేనమామ కొడుకు దాని మీద కూర్చున్న సంగతి ఉంటుంది.

మా ఉస్తాద్ రహమాన్ సాబ్ వాయిద్యాన్ని ముట్టుకోకముందే వాసన చూసేవాడు. ఆ ముక్కు మామూలు ముక్కు కాదు. క్లారినెట్ వాసన చూసి, "తల్లాడ పెండ్లి. మటన్ అన్నరు గాని కోడి పెట్టిన్రు" అని చెప్పేవాడు. తెచ్చినవాడు అవునని తలూపేవాడు.

"బేటా, డాక్టరు దగ్గర అబద్ధం చెప్పెటోళ్ళు వందకు పది మంది. మన దగ్గర వందకు నూటపది మంది" అనేవాడు.

"నూటపది ఎట్లయితరు ఉస్తాద్?"

"తోడు వచ్చినోళ్ళు గూడ చెప్తరు బేటా."

నేను చేరిన కొత్తలో సత్తుపల్లి మేళం నుంచి ఒక శాక్సోఫోన్ వచ్చింది. కింది స్వరాలు పలకడం లేదన్నారు. రెండు రోజులు కూర్చుని కింది ప్యాడ్లన్నీ మార్చాను. పలకలేదు. ఉస్తాద్ వచ్చి, వాసన చూసి, నన్ను జాలిగా చూసి, వాయిద్యం నోట్లోకి మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. పేపరు పొట్లం బయటికి వచ్చింది. అందులో పెళ్ళి లడ్లు. పిల్లలకు పట్టుకుపోదామని దాచుకుని మరిచిపోయాడట ఆ వాయించే ఆయన. చీమలు అప్పటికే అందులో మూడు తరాలుగా కాపురం చేస్తున్నాయి, సరిహద్దు తగాదాలు కూడా వచ్చినట్టున్నాయి.

ఉస్తాద్ గొప్పవాడు. కాని ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆయన తన తప్పు ఎప్పుడూ ఒప్పుకునేవాడు కాదు. ఒకసారి మంచి క్లారినెట్‌ను బిగించి బిగించి పగలగొట్టి, "ఇది వచ్చినప్పుడే పగిలింది, నీకు కనపడలే" అని యజమానికి నచ్చజెప్పి పంపాడు. తర్వాత నా వైపు తిరిగి, "దుకాణంల తప్పు ఒప్పుకుంటే గోడలు వింటయ్ బేటా" అన్నాడు. పని నేర్పినవాళ్ళ దగ్గర మనం పని ఒక్కటే నేర్చుకోం. నేను ముక్కు సంపాదించలేకపోయాను గాని, ఆ గుణం మాత్రం చక్కగా వచ్చేసింది.

పంటి గాట్లు

ఏలియా దుమ్ముగూడెం వైపు మనిషి. సారపాక మేళంలో పెద్ద శాక్సోఫోన్ వాయించేవాడు. మనిషి ఎంత సన్నమంటే, వాయిద్యం మెడకు తగిలించుకుంటే ఎవరు ఎవరిని మోస్తున్నారో చెప్పడం కష్టం. కాని గోదావరి ఈ గట్టున ఊదితే ఆ గట్టున ముహూర్తం లేని పెళ్ళికొడుకులు కూడా గుర్రమెక్కి బయల్దేరేవారు.

రెండు వేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకు అనుకుంటాను, తునికాకు కోసే రోజుల్లో ఒక ఉదయం నా దుకాణానికి వచ్చాడు.

"లీకు ఉంది ఖాసీం భాయ్. ఊదుతుంటే గాలి సప్పుడు వస్తంది. బుస్సుమని."

"ఎప్పటిసంది?"

"మొన్నటిసంది."

మొన్న అంటే ఆరు నెలలని మా పనిలో లెక్క.

"కింద పడ్డదా?"

"లే."

"దీంతోని ఎవర్నన్న కొట్టినవా?"

"ఏంది భాయ్ గట్లంటవు! చర్చికి పొయ్యేటోణ్ణి."

"నిరుడు నేను వంకర తీసిన రెండు క్లారినెట్లు చర్చికి పొయ్యేటోళ్ళయే మాస్టర్."

మాట్లాడుతూనే మౌత్‌పీసు తీసి చూశాను. నోట్లో పెట్టుకునే ముక్క అది. పై పళ్ళు ఆనే చోట ఏళ్ళ తరబడి గాటు పడుతుంది. ఏలియా మౌత్‌పీసు మీద సరిగ్గా నడుమ బావి లాంటి పాత గాటు ఉంది. దానికి ఎడమ పక్కన, అంచు దగ్గర, ఇంకో గాటు కొత్తగా మెరుస్తున్నది. ముప్పై ఏళ్ళు నడుమ కరిచిన మనిషి ఉన్నట్టుండి పక్కకు ఎందుకు జరిగాడు?

"నోరు తెరువు మాస్టర్."

"ఏంది?"

"లీకు ఏడుందో చూడాలె గద."

"లీకు శాక్సుకు భాయ్, నాకు గాదు!"

"తెరువు."

తెరిచాడు. ముందు పళ్ళు మూడు ఎంత వదులుగా ఉన్నాయంటే, నేను ఊపిరి వదలడానికి కూడా భయపడ్డాను. ఏలియా నోరు మూసుకుని తల దించుకున్నాడు.

"మా మేళం మేనేజర్‌కు తెలిసిపోయింది భాయ్. ఊరేగింపుల గట్టిగ ఊదలేకపోతున్న. ఈ సీజన్ అయినంక లైట్లు మొయ్యమన్నడు."

అంటే మేళం ముందు నడిచిన మనిషి ఇకమీదట నెత్తిన ట్యూబులైటు పెట్టుకుని మేళం పక్కన నడవాలి. పక్కన నడుస్తూ, తన శాక్సోఫోన్‌ను ఇంకెవడో ఊదుతుంటే వినాలి.

"పండ్ల డాక్టర్ ఏమన్నడు?"

"పీకాలె అన్నడు. పీకినంక ఆర్నెల్లు ఊదొద్దన్నడు. ఆర్నెల్లు నా జాగ ఎవడు కాపాడుతడు?"

తర్వాత తువ్వాలు మడత విప్పి, కోడిగుడ్డు తీసినంత జాగ్రత్తగా ఒక సీడీ తీశాడు.

"ఇంకో దారి దొరికింది భాయ్. మాధవ్ సారని, హైదరాబాదుల పాటలు రికార్డు చేస్తడంట. బూర్గంపాడు పెండ్లిల అప్పగింతలప్పుడు నేను మెల్లగ వాయిస్తుంటే విన్నడు. వచ్చి చెయ్యి పట్టుకున్నడు. నెమ్మది పాటలు, శాక్సు మీదనే, ఆల్బం చేద్దామన్నడు. జాజ్ అంట. 'ఈ సీడీ విను మాస్టర్, గిట్ల ఉండాలె' అన్నడు. బేస్తారం నాడు భద్రాచలం చర్చి హాల్ల వింటడంట. నచ్చితే నాతోని, లేకుంటే పట్నంల ఇంకో ఆయన తయారుగున్నడంట."

"నీ పండ్లతోని వాయిస్తవా?"

"నెమ్మదివి గద భాయ్, పండ్ల మీద బరువు పడది. గిది కుదిరితే ఇంక నాలుగేండ్లు ఊదుత. కుదరకపోతే లైట్లే. గందుకనే, ఆ బుస్సు సప్పుడు తీసెయ్యి. సార్ వింటే పరువు పోతది."

నాకు అక్కడికక్కడే ఆరు అనుమానాలు వచ్చాయి. ఆరూ మాధవ్ మీదే. అడవి అంచు ఊళ్ళ సంగతి అప్పట్లో ఎట్లా ఉండేదంటే, కొత్త మనిషి రికార్డరుతో కనిపిస్తే పోలీసులు అతన్ని అడవిలోవాళ్ళ మనిషి అనుకునేవారు, అడవిలోవాళ్ళు పోలీసుల మనిషి అనుకునేవారు, ఊళ్ళోవాళ్ళు రెండూ నిజమే అనుకుని ముందు జాగ్రత్తగా టీ పోసేవారు. ఏలియాతో ఊదించుకుని, పేరు లేకుండా అమ్ముకునే రకమేమో అనేది నా సొంత అనుమానం.

ఎనిమిది పాటలు

ఆ మధ్యాహ్నం సీడీ ఇంటికి తెచ్చాను. అట్ట మీద టోపీ పెట్టుకున్న ఒకాయన కళ్ళు మూసుకుని, శాక్సోఫోన్‌ను కావలించుకుని, అప్పుడే పెళ్ళి సంబంధం తప్పిపోయినవాడిలా నిలబడి ఉన్నాడు. లోపల ఎనిమిది పాటలు. ఎనిమిదీ నత్తలను వెనక వదిలేసి రాలేని వేగం.

మొదటి పాట మొదలైంది. మొదలైందని నాకు కాసేపటికి గాని తెలియలేదు. ముందు సుయ్ సుయ్ మని ఏదో చప్పుడు. నా భార్య జరీనా వంటింట్లోంచి వచ్చింది.

"ఎవరు ఊడుస్తున్రు?"

"డ్రమ్ము వాయిస్తున్రు."

"చీపురుతోనా?"

"జాజ్ అంట."

అప్పుడు శాక్సోఫోన్ వచ్చింది. ఒక స్వరం ఊది, రెండో స్వరానికి ఆయన బయల్దేరే లోపల నేను టీ తాగి, గ్లాసు కడిగి, బోర్లించి వచ్చి కూర్చున్నాను. బాగుందా లేదా అని నేను వినలేదు. అప్పటికి ఇరవై ఏళ్ళుగా నేను ఏ వాయిద్యాన్నీ బాగుందా అని వినలేదు, ఎక్కడ కారుతున్నదా అనే విన్నాను. విన్నాను కాబట్టి దొరికింది. ప్రతి స్వరం ముందూ, వెనకా, కింద నుంచీ గాలి. బుస్సుమని, మెత్తగా, సిగ్గు లేకుండా.

"లీకు!" అని అరిచాను. "ఇంత పెద్ద మనిషి, ఇంత పెద్ద కంపెనీ, ప్యాడు మార్పించుకోలే!"

"గది ఆయన ఊపిరి గాదా?" అంది జరీనా.

"ఊపిరి లోపలికి పోవాలె, బయటికి వినపడొద్దు. వినపడ్డదంటే లీకు."

"ఏమో. నాకైతే చెవుల కాడికొచ్చి ముచ్చట చెప్తున్నట్టుంది."

"నీకు తెల్వదు."

ఈ రెండు మాటలు మా ఇంట్లో నేను అన్న ప్రతిసారీ నాకే నష్టం జరిగింది. అయినా అన్నాను.

ఎనిమిది పాటలను ఏడుసార్లు విన్నాను. కాగితం పెట్టుకుని ఏ స్వరం దగ్గర ఎంత గాలి కారిందో రాసుకున్నాను. రెండో పాటలో ఎడమచేతి మూడో మూత అనుమానాస్పదం. ఐదో పాటలో మూతలన్నీ కుమ్మక్కయ్యాయి. ఎనిమిదో పాట వినేసరికి నాకు ఆ టోపీ ఆయన మీద జాలి కలిగింది. ఎవరైనా ఖమ్మం అడ్రసు ఇచ్చి ఉంటే రెండు రోజుల్లో బాగుచేసి పంపేవాణ్ణి. చివరికి ఒక నిర్ణయానికి వచ్చాను. మాధవ్ పాటలు చూసుకొమ్మన్నాడు గాని, లీకు చూసుకొమ్మనలేదు కదా. ఏలియా వాయిద్యాన్ని ఆ టోపీ ఆయన దానికన్నా శుభ్రంగా చేసి పంపాలి. ప్రపంచానికి ఖమ్మం పనితనం తెలియాలి.

గొంగడి కింద

లీకు పట్టుకోవడానికి శాక్సోఫోన్ గొట్టంలోకి చిన్న బల్బు దించుతాం. చీకట్లో చూస్తే, మూత సరిగ్గా కూర్చోని చోట వెలుగు సన్నగా బయటికి వస్తుంది. పట్టపగలు నా దుకాణంలో చీకటి కావాలంటే ఒకటే మార్గం. నేనూ, ఏలియా, శాక్సోఫోన్, ముగ్గురం ఒకే గొంగడి కప్పుకుని కూర్చున్నాం. ఎండాకాలం. లోపల మేమిద్దరం ఆవిరికుడుముల్లా ఉడుకుతున్నాం. బయట సందులో జనం ఆగి చూస్తున్నారని వాళ్ళ చెప్పుల చప్పుడే చెప్తున్నది.

"కనపడ్డదా భాయ్?"

"ఆగు."

"నాకు ఊపిరాడుతలే."

"నీ ఊపిరే గద మన సమస్య. ఆపుకో."

వెలుగు ఎక్కడా రాలేదు. ఒక్క మూత దగ్గర కూడా రాలేదు. బుద్ధి ఉన్నవాడెవడైనా అక్కడ ఆగి, లీకు లేదని ఒప్పుకునేవాడు. నేను మాత్రం లీకు దాక్కున్నదని అనుకున్నాను. దొరకని దొంగ మీద అనుమానం పెరుగుతుంది కాని తగ్గదు కదా.

ప్యాడ్లన్నీ మార్చాను. ఏలియా ఊదాడు. బుస్సు. స్ప్రింగులు బిగించాను. బుస్సు. అప్పుడు మౌత్‌పీసు మీద పడ్డాను. మౌత్‌పీసుకు అడుగున రీడు కడతారు. రెల్లు జాతి గడ్డితో చేసిన పలచని బద్ద అది. ఆ బద్ద వణికితేనే శబ్దం. రీడుకూ, మౌత్‌పీసు కొసకూ మధ్య సన్నని సందు ఉంటుంది. ఆ సందు ఎక్కువైందని తేల్చి, అద్దం మీద సన్నటి గరుకు కాగితం పరిచి, మౌత్‌పీసును అరగదీసి సందు తగ్గించాను. మెత్తటి రీడు తీసేసి గట్టి రీడు కట్టాను. పళ్ళు జారకుండా పైన రబ్బరు ముక్క అంటించాను.

ఏలియా ఊదాడు. బుస్సు పోయింది. స్వరం సర్కారు బడిలో ప్రార్థనలా నిటారుగా, చేతులు కట్టుకుని బయటికి వచ్చింది.

"పోయింది భాయ్! నీ చెయ్యి బంగారం!" అన్నాడు ఏలియా. అంటూనే దవడ మీద చెయ్యి పెట్టుకున్నాడు. గట్టి రీడును పలికించాలంటే గట్టిగా కరవాలి. గట్టిగా కరిస్తే ఆ మూడు పళ్ళ సంగతి ఏమవుతుందో నాకు తెలుసు. చూశాను, అడగలేదు. అడిగితే పని మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చేది. నా పనితనం మీద నాకు అంత మురిపెం.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఈ ముక్క రెండుసార్లు చదవండి. వాయిద్యం బాగైందని మనకు అనిపించినప్పుడు వాయించేవాడి ముఖం చూడాలి. మాట వినడం కాదు, ముఖం చూడాలి.

చర్చి హాలు

బేస్తవారం నాడు ఏలియాతో పాటు నేనూ బస్సెక్కాను. సాయం కోసమని చెప్పాను. అసలు వెళ్ళింది మాధవ్‌ను కనిపెట్టడానికి. పాల్వంచ దాటాక ఒక చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆపారు. తునికాకు మూటలు, కోళ్ళు, కోయ భాషలో గట్టిగా మాట్లాడుకుంటున్న ఆడవాళ్ళు, వీటన్నిటినీ వదిలేసి జవాను నేరుగా ఏలియా పెట్టె మీద కర్ర పెట్టాడు.

"ఏముంది?"

"శాక్సోఫోన్ సార్."

"తియ్యి. ఊదు."

ఏలియా రోడ్డు మీద నిలబడి ఒక చరణం ఊదాడు. జవాను తల గోక్కున్నాడు. "మంచిగనే ఉంది గాని, జనగణమనకు నిలబడ్డట్టుంది. పో." నేను దాన్ని మెచ్చుకోలుగా తీసుకున్నాను.

హాల్లో మాధవ్ రెండు మైకులు, ఒక చిన్న యంత్రం పెట్టుకుని కూర్చున్నాడు. జుట్టు పిలక కట్టాడు. నా అనుమానాలు ఆరు కాస్తా ఏడయ్యాయి. వైర్లు ఎటు పోతున్నాయో చూస్తూ మూలన నిలబడ్డాను.

ఏలియా మొదటి పాట వాయించాడు. సగంలోనే మాధవ్ చెయ్యెత్తి ఆపాడు.

"మాస్టర్, ఆ రోజు పెళ్ళిలో వాయించింది దీన్నేనా?"

"దీన్నే సార్. రిపేరు చేయించిన. లీకు పోయింది."

"ఏం లీకు?"

"గాలి సప్పుడు సార్. బుస్సుమని."

మాధవ్ కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు. "నేను హైదరాబాద్ నుంచి వచ్చింది ఆ గాలి కోసమే మాస్టర్. నెమ్మది పాటల్లో అదే ప్రాణం. స్వరంతో పాటు ఊపిరి కూడా వినపడాలి. దవడ వదులు చేసి, పెదవి మీద నిలబెట్టి ఊదితే గాని రాదు. దానికోసం జనం ఏళ్ళు కష్టపడతారు. మీకు అది ఊరికే వచ్చింది. సీడీ ఇచ్చింది అందుకే."

ఏలియా నా వైపు చూశాడు. ఒక్క క్షణమే. తర్వాత మాధవ్ వైపు తిరిగి, "ఇయ్యాల నా నోరే బాగలేదు సార్" అన్నాడు.

నా పేరు చెప్పలేదు.

"సరే, ఇంకోసారి చూద్దాం. కుదరకపోతే ఏమనుకోకండి, హైదరాబాద్ ఆయనతోనే చేయించుకుంటాను" అన్నాడు మాధవ్. ఏలియా తలూపాడు. ఒప్పుకున్నట్టు కాదు, లైట్లు నెత్తికెత్తుకున్నట్టు తలూపాడు.

నాకు మొదట వచ్చిన ఆలోచన మాధవ్ అబద్ధం చెప్తున్నాడని. అలవాటు మరి. తర్వాత గొంగడి కింద ఒక్క వెలుగు కూడా బయటికి రాలేదని గుర్తొచ్చింది. జరీనా మాట గుర్తొచ్చింది. పళ్ళు వదులయ్యాక ఏలియా దవడ దానంతటది జారింది, పెదవి మెత్తబడింది, ఊపిరి బయటికి వచ్చింది. టోపీ ఆయన కావాలని చేసినదాన్నే ఏలియాకు నొప్పి నేర్పింది. రెండింటినీ నేను లీకు అన్నాను. వాయిద్యాలను, వాయించేవాళ్ళను, వాళ్ళ తోడు వచ్చినవాళ్ళను, లడ్లను, అన్నిటినీ అనుమానించాను. నా చెవిని మాత్రం ఒక్కరోజు కూడా అనుమానించలేదు.

"సార్, ఆయన నోరు బాగానే ఉంది. చెడగొట్టింది నేను. ఆ రిపేరు నాదే" అన్నాను.

నా బతుకులో పని విషయంలో తప్పు ఒప్పుకోవడం అదే మొదటిసారి. గోడలు విన్నాయి. ఏమీ కాలేదు.

మాధవ్ నన్ను ఎగాదిగా చూశాడు. "సరిచేయగలరా?"

"గంట టైమియ్యండి."

అరిగిన మౌత్‌పీసు తిరిగి పెరగదు. చేయగలిగిందల్లా రీడు. ఏలియా పెట్టెలో పాత మెత్తటి రీడ్లు రెండే ఉన్నాయి. హాలు మెట్ల మీద కూర్చుని, గడ్డం గీసుకునే బ్లేడుతో గీకడం మొదలుపెట్టాను. సందు తగ్గింది కాబట్టి బద్ద ఇంకా పలచన కావాలి. ఎంత పలచన అంటే, ఉల్లిపొర చూసి సిగ్గుపడాలి. మొదటిది కొస దగ్గర చీలింది.

ఏలియా పక్కనే నిలబడి ఉన్నాడు. "అయిపోయిందా భాయ్?"

"ఇంకోటుంది."

"అది గూడ పోతే?"

"నువ్వు లైట్లు మోస్తవు. నేను జనరేటర్ బండి తోస్త. నడువు, అటు పోయి నిలబడు."

రెండోది గీకుతున్నంతసేపు ఆ పొడి ముక్కులోకి, గొంతులోకి పోయింది. ఊపిరి బిగబట్టాను. చీలలేదు. పైన అంటించిన రబ్బరు పీకేశాను. రీడు కట్టి, లోపలికి వెళ్ళి మాధవ్ ఎదుటే ఇచ్చాను.

"ఇగ పండ్లు ఆనించకు మాస్టర్. పెదవి మీదనే పెట్టు. దవడ ఎట్ల జారితే అట్ల జారనీ."

"పన్ను ఊడితే?"

"ఊడనీ. నేను పట్టుకుంట."

ఏలియా వాయించాడు. ముందు ఊపిరి వచ్చింది, దాని వెనక స్వరం వచ్చింది, స్వరం ఆగాక కూడా ఊపిరి ఇంకాసేపు అక్కడే ఉంది. పెళ్ళికూతురు బండెక్కాక వాకిట్లో నిలబడిపోయినవాళ్ళు గుర్తొచ్చారు నాకు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఎక్కడ కారుతున్నదా అని వెతకకుండా విన్నాను. పాట చివరి స్వరం సన్నగిల్లి, గాలి ఒక్కటే మిగిలి, అదీ ఆగబోతుండగా, నా గొంతులో ఇందాకటి నుంచి పట్టి ఉంచిన రీడు పొడి ఫిరంగిలా పేలింది. అంత దగ్గు నేను అంతకుముందు దగ్గలేదు. కిటికీ మీది పావురాలు సారపాక దాకా పోయి ఉంటాయి.

మాధవ్ నన్ను చూసిన చూపు రాయను. తర్వాత ఏలియా చెయ్యి పట్టుకున్నాడు. "ఎనిమిది పాటలూ మీతోనే మాస్టర్. మిగతావాటికి వచ్చే నెల హైదరాబాద్ రావాలి. అట్ట మీద మీ పేరే ఉంటుంది. ఆ పళ్ళను మాత్రం అప్పటిదాకా కదిలించకండి."

మాధవ్ ఏలియా చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, ఇప్పుడు వాయించింది వినిపించాడు. కాసేపు విని ఏలియా ముఖం ముడుచుకున్నాడు.

"ఇది ఆ సీడీ గద సార్."

"మీదే మాస్టర్."

"నన్ను మోసం చెయ్యకు సార్. నాది నాకు తెల్వదా?"

తెలియదు. ముప్పై ఏళ్ళు డప్పుల నడుమ, జనరేటర్ పక్కన, పటాకుల పొగలో ఊదిన మనిషి తన శాక్సోఫోన్‌ను ఒక్కసారి కూడా వినలేదు. చెవులు హెడ్‌ఫోన్లలో ఉంచి, కళ్ళు మాత్రం యంత్రం వెనక, టేబుల్ కింద వెతుకుతున్నాడు, ఆ టోపీ ఆయన సీడీ ఎక్కడ దాచారా అని. పాట చివరికొచ్చింది. ఉన్నట్టుండి ఉలిక్కిపడి నా వైపు తిరిగాడు.

"నువ్వే! నీ దగ్గే!"

అట్లాగే బల్ల మీద కూలబడ్డాడు. రెండు చేతులతో హెడ్‌ఫోన్లను చెవులకు అదిమి పట్టుకుని, "ఇంకోసారి పెట్టు సార్" అన్నాడు. ఇంకోసారి విన్నాడు. మరోసారి విన్నాడు.

"చివరి ముక్క మళ్ళీ వాయిస్తే సరిపోతుంది మాస్టర్. ఆ దగ్గు తీసేద్దాం" అన్నాడు మాధవ్.

ఏలియా హెడ్‌ఫోన్లు వదల్లేదు.

"వద్దు సార్, ఉండనీ. అది లేకపోతే మా మేనేజర్ నమ్మడు."